మహావినాశము పిదప సముద్రము: ప్రాణికోటి కోలుకొనిన విధము

భూమి చరిత్ర శిలలలో వ్రాయబడియున్నది. ఆ లిపిని చదువ నేర్చిన భూగర్భ శాస్త్రజ్ఞులు మనకు తెలిపిన విషయములలో మిక్కిలి ఆశ్చర్యకరమైనది ఒకటి కలదు. సముద్రములు ఒక పర్యాయము కాదు, పెక్కు పర్యాయములు తమ ప్రాణికోటిలో అధిక భాగమును కోల్పోయి, మరల నిండినవి. 1982లో అమెరికా శాస్త్రజ్ఞులైన డేవిడ్ రాప్, జాక్ సెప్కోస్కీ సముద్రజీవుల శిలాజ పట్టికలను గణితరీత్యా పరిశీలించి, అట్టి మహావినాశములు ఐదింటిని గుర్తించిరి. ఆర్డొవీషియన్, డెవోనియన్, పెర్మియన్, ట్రయాసిక్, క్రెటేషియస్ యుగముల చివరి భాగములలో ఇవి సంభవించినవి.

జీవులు ఎట్లు నశించినవను ప్రశ్నకు పాఠ్యగ్రంథములలోను, పత్రికలలోను తగినంత స్థానము లభించుచున్నది. మిగిలినవి ఎట్లు కోలుకొనినవను ప్రశ్న అంతగా చర్చకు రాదు. అయితే మానవజాతికి ఎక్కువగా పనికివచ్చునది ఈ రెండవ ప్రశ్నయేనని మా అభిప్రాయము. చెడిన సముద్రము తనంతట తాను బాగుపడునా? బాగుపడినచో ఎంతకాలమునకు? బాగుపడిన పిదప అది పూర్వపు సముద్రమేనా? ఈ మూడు సందేహములకు సమాధానము అందులోనే కలదు. ఈ వ్యాసమున మనము వానిని వరుసగా పరిశీలింతము.

కోలుకొనుట యనగా నేమి?

ముందుగా ఈ పదమునకు అర్థము నిశ్చయించుకొనవలెను. ఉప్పెన వచ్చిపోయిన గ్రామము కోలుకొనినదని మనమెప్పుడు చెప్పుదుము? ఇండ్లు తిరిగి లేచినప్పుడా? జనసంఖ్య పూర్వము వలె అయినప్పుడా? జనులు వచ్చి చేరియు, రైతు, జాలరి, కమ్మరి, కుమ్మరి, వర్తకుడు ఎవరి పని వారు చేయుచు, ఒకరి శ్రమపై ఒకరు ఆధారపడు కట్టుబాటు మరల ఏర్పడనంత వరకు ఆ గ్రామము కోలుకొనినదనుట సరికాదు.

సముద్రపు ఆవరణ వ్యవస్థకును ఇదే వర్తించును. అందు మూడు కొలమానములు కలవు. మొదటిది జీవజాతుల సంఖ్య. రెండవది వ్యవస్థ చేయు పని, అనగా సూర్యరశ్మిని గ్రహించి ప్లవకములు ఆహారము తయారుచేయుట, ఆ సేంద్రియ పదార్థము అడుగునకు చేరుట, అచట బురదను త్రవ్వు ప్రాణులు దానిని మరల చక్రములోనికి తెచ్చుట. మూడవది నిర్మాణము, అనగా ప్లవకముల నుండి పెద్ద వేటప్రాణుల వరకు ఆహారపు గొలుసులోని మెట్లన్నియు నిండియుండుట. ఈ మూడును ఒకే కాలమున కోలుకొనవు. ఈ భేదమును గమనింపకున్నచో, ఒక శాస్త్రజ్ఞుడు పది లక్షల సంవత్సరములనియు, మరియొకరు కోటి సంవత్సరములనియు చెప్పునప్పుడు వారిలో ఎవరో ఒకరు పొరబడినట్లు మనకు తోచును. నిజమునకు వారు వేర్వేరు వస్తువులను కొలుచుచుండవచ్చును.

పెర్మియన్ యుగాంతము

ఐదు వినాశములలో ఘోరమైనది పెర్మియన్ యుగాంతమున, అనగా సుమారు 25 కోట్ల 19 లక్షల సంవత్సరముల క్రిందట సంభవించినది. చైనా దేశమందలి మెయిషాన్ అను చోట గల సున్నపురాతి పొరలు దీనికి ప్రధాన సాక్ష్యము. పెర్మియన్, ట్రయాసిక్ యుగముల సరిహద్దుకు ప్రమాణ స్థలముగా అంతర్జాతీయ భూగర్భ శాస్త్రజ్ఞులు 2001లో దానినే ఆమోదించిరి. మన దేశమున కాశ్మీరమందలి గురియుల్ లోయలోను, హిమాచల ప్రదేశమందలి స్పితి లోయలోను ఈ సరిహద్దు పొరలు కానవచ్చును. ఈనాడు మంచుకొండల నడుమ నున్న ఆ శిలలు ఆనాడు సముద్రగర్భమున నుండినవి.

మెయిషాన్ పొరల నడుమ అగ్నిపర్వతపు బూడిద పొరలు కలవు. ఆ బూడిదలోని జిర్కాన్ స్ఫటికములలో యురేనియము సీసముగా మారిన నిష్పత్తిని కొలిచి కాలనిర్ణయము చేయుదురు. 2014లో ప్రకటింపబడిన అట్టి పరిశోధన ప్రకారము వినాశము సుమారు 60 వేల సంవత్సరములలో ముగిసినది. భూగర్భ కాలమానమున ఇది రెప్పపాటు. ఆ స్వల్పకాలమున సముద్ర జీవజాతులలో నూటికి 80 వంతులకు పైగా అంతరించినవి. అంతకు పూర్వమే క్షీణించియుండిన ట్రైలోబైటులు ఇప్పుడు పూర్తిగా మాసిపోయినవి. ఆనాటి ప్రవాళములలోని రెండు ముఖ్య శాఖలు ఒక్క జాతియైనను మిగులక నశించినవి.

దీనికి మూలకారణముగా సైబీరియా ప్రాంతమున వెలువడిన లావా ప్రవాహములను శాస్త్రజ్ఞులు పేర్కొనుచున్నారు. లావాతో పాటు వెలువడిన బొగ్గుపులుసు వాయువు భూమిని వేడెక్కించినది. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువగా కరగును. అదే వేడిలో జంతువుల శరీరమునకు ప్రాణవాయువు ఎక్కువగా కావలెను. రాబడి తగ్గి వ్యయము పెరిగిన సంసారము వలె, జీవుల స్థితి రెండు వైపుల నుండియు సంకటమున పడినది. సముద్రజలముల ఆమ్లత్వము హెచ్చుట వలన సున్నపు కవచములు నిర్మించుకొను జీవులకు మరియొక బాధ తోడైనది.

శూన్యమైన సముద్రమున తొలి నివాసులు

వినాశము పిదపటి తొలి పొరలు చూడ మిక్కిలి దైన్యముగా నుండును. అంతకు పూర్వపు సున్నపురాళ్లలో గవ్వలు, ప్రవాళములు, సముద్ర లిల్లీల ముక్కలు క్రిక్కిరిసి యుండగా, వాని పైపొరలలో సూక్ష్మజీవులు నిర్మించిన పొరలపొరల రాళ్లు విస్తారముగా కనిపించును. ఇట్టి రాళ్లను స్ట్రోమటోలైటులందురు. మన కడప ప్రాంతమందలి వేంపల్లె సున్నపురాళ్లలో ఇవి సమృద్ధిగా గలవు. అయితే అవి నూరు కోట్ల సంవత్సరములకు పైబడినవి, జంతుజాలము పుట్టక పూర్వపువి. వానిని మేసెడి, త్రవ్వెడి జంతువులు లేకపోవుటచేత ఆనాడు సూక్ష్మజీవుల చాపలు నిరాటంకముగా పెరిగినవి. పెర్మియన్ వినాశము పిదప ఆ జంతువులు మరల తగ్గిపోగా, అదే దృశ్యము సముద్రపు అడుగున తిరిగి కనబడినది.

ఆ శూన్యమున కొన్ని జీవులు మాత్రము విశేషముగా వ్యాపించినవి. క్లారాయియా అను పలుచని ఆలుచిప్ప వంటి ప్రాణి, లింగులా అను బ్రాకియోపోడా ప్రపంచమున పలుచోట్ల గుంపులు గుంపులుగా దొరకుచున్నవి. ఇట్టివానిని ఆపత్కాల జాతులందురు. ప్రాణవాయువు తక్కువైనను, ఆహారము కొరవడినను ఓర్చుకొనగల గుణము వీనికి కలదు. బీడునేలపై మొదట మొలచునవి పిచ్చిమొక్కలే గదా! లింగులా వంశీయులు నేటికిని సముద్రతీరపు బురదలో జీవించియుండుట గమనింపదగినది.

ఈ కాలపు జీవులలో మరియొక వింత కలదు. పెక్కు వర్గములకు చెందిన నత్తలు, ఆలుచిప్పలు తమ పూర్వీకుల కంటె చాల చిన్నవి. గలివరు ప్రయాణముల కథలోని మరుగుజ్జుల ద్వీపము పేరిట దీనిని లిల్లిపుట్ ప్రభావమని పిలుతురు. ఆహారము, ప్రాణవాయువు తక్కువైనచోట చిన్న శరీరమే క్షేమకరము.

మెట్టుమెట్టుగా పునరుద్ధరణ

అన్ని వర్గములు ఒకే వేగమున కోలుకొనలేదు. మెలిదిరిగిన గుల్లలు గల అమ్మొనాయిడ్లు 10 నుండి 20 లక్షల సంవత్సరములలోనే పూర్వపు వైవిధ్యమును అందుకొని, మించిపోయినవని 2009లో ప్రకటింపబడిన పరిశోధన చూపినది. నీటిలో ఈదుచు, శీఘ్రముగా జాతులుగా చీలు స్వభావము గల వాటికి ఇది సాధ్యమైనది. సముద్రపు అడుగున కదలక మెదలక నివసించు జీవులు అంత త్వరగా లేవలేకపోయినవి. బురదలోని బొరియల జాడలను పరిశీలించిన, ప్రారంభమున అవి సన్ననివి, లోతులేనివి. పోనుపోను వెడల్పును, లోతును, రకములును పెరిగినవి. జంతువుల కళేబరములు దొరకనిచోట కూడ వాని పనితనపు జాడలు మనకు చరిత్ర చెప్పుచున్నవి.

ప్రవాళభిత్తికల కథ మరింత దీర్ఘమైనది. తొలి ట్రయాసిక్ కాలమున సూక్ష్మజీవులును, స్పంజికలును కలిసి అక్కడక్కడ చిన్న దిబ్బలు నిర్మించినవి. నేటి ప్రవాళములకు పూర్వీకులైన కొత్త శాఖ మధ్య ట్రయాసిక్ కాలమున గాని శిలలలో కానరాదు. అనగా ప్రవాళములు లేని సముద్రము 50 లక్షల సంవత్సరములకు పైగా నుండినది.

ఆహారపు గొలుసు పైమెట్టు విషయము చూతము. చైనా దేశపు యునాన్ రాష్ట్రమందు లువోపింగ్ అను చోట సుమారు 24 కోట్ల 40 లక్షల సంవత్సరముల నాటి శిలలలో చేపలు, సముద్ర సరీసృపములు, రొయ్యల వంటి జీవులు, సముద్ర లిల్లీలు వేలకొలదిగా లభించినవి. ఇంచుమించు అదే కాలమున అమెరికాలోని నెవాడా ప్రాంతపు సముద్రములలో 8 మీటర్లకు మించిన పొడవు గల థలాట్టోఆర్కాన్ అను సరీసృపము తనంత పెద్ద జీవులను వేటాడెను. పెద్ద వేటప్రాణి బ్రతుకవలెనన్న దానికి క్రింద మధ్యతరగతి వేటప్రాణులు, వానికి క్రింద చిన్నచేపలు, వానికి క్రింద ప్లవకములు సమృద్ధిగా నుండవలెను. కావున శిఖరము నిలిచినదనగా గోపురమంతయు నిలిచినట్లే. ఈ ఆధారములను బట్టి 2012లో చెన్, బెంటన్ అను శాస్త్రజ్ఞులు సంపూర్ణ పునరుద్ధరణకు 80 నుండి 90 లక్షల సంవత్సరములు పట్టినదని లెక్కకట్టిరి.

అయితే ఈ చిత్రము ఇంకను మారుచున్నది. అమెరికాలోని ఐడహో రాష్ట్రమున పారిస్ జీవసముదాయమను పేర 2017లోను, చైనాలోని గుయియాంగ్ వద్ద 2023లోను సంపన్నమైన శిలాజ నిధులు వెల్లడియైనవి. గుయియాంగ్ శిలలు వినాశము జరిగిన 10 లక్షల సంవత్సరములకు కొంచెము తరువాతివి మాత్రమే. అయినను అందు చేపలు, రొయ్య జాతులు మొదలుకొని పలుమెట్ల ఆహారపు గొలుసు కానవచ్చుచున్నది. దీనిని బట్టి సముద్రమంతయు ఒకేతీరుగ శూన్యమై యుండలేదనియు, కొన్ని అనువైన తావులలో జీవము త్వరగా కుదుటపడినదనియు గ్రహింపవలెను.

ఆలస్యమునకు కారణములు

వినాశము 60 వేల సంవత్సరములలో ముగియగా, పునరుద్ధరణకు లక్షల సంవత్సరములేల పట్టవలెను? ఇందుకు రెండు సమాధానములు కలవు.

మొదటిది, దెబ్బ ఒక్కటితో ఆగలేదు. కర్బన ఐసోటోపుల నిష్పత్తి తొలి ట్రయాసిక్ కాలమంతయు ఉయ్యాల వలె ఊగుచుండి, మధ్య ట్రయాసిక్ నాటికి గాని నిలకడ పొందలేదని 2004లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది. కొనోడాంటులను సూక్ష్మమైన దంతముల వంటి శిలాజములలోని ప్రాణవాయు ఐసోటోపులను కొలిచిన శాస్త్రజ్ఞులు, ఆనాటి ఉష్ణమండల సముద్రపు పైనీరు ఒక దశలో 38 సెంటిగ్రేడు డిగ్రీలను దాటి యుండవచ్చునని 2012లో తెలిపిరి. అట్టి నీటిలో పెక్కు చేపలు బ్రతుకజాలవు. రోగి లేచి కూర్చుండులోపుననే జ్వరము మరల తిరుగబెట్టినట్లు, త్వరగా కోలుకొనిన అమ్మొనాయిడ్లు సైతము వినాశము జరిగిన కొద్ది మిలియన్ల సంవత్సరములకే మరియొక గట్టి దెబ్బ తినవలసివచ్చినది.

రెండవది, ప్రకృతి శాంతించినను కట్టుబాటు ఏర్పడుటకు కాలము కావలెను. ఒక జాతి తీరు మరియొక జాతి ఉనికిపై ఆధారపడియుండును. భిత్తికలు లేనిదే భిత్తికలలో దాగు చేపలు లేవు. ఆ చేపలు లేనిదే వానిని వేటాడునవి లేవు. కిర్చ్నర్, వీల్ అను శాస్త్రజ్ఞులు 2000లో శిలాజ చరిత్రనంతను గణించి, పెద్ద వినాశములే గాక చిన్న వినాశముల పిదప కూడ కొత్త జాతుల ఆవిర్భావము శిఖరమునందుకొనుటకు దాదాపు కోటి సంవత్సరములు పట్టుచున్నదని కనుగొనిరి. వినాశమునకు తొందర గలదు గాని సృష్టికి లేదు.

గోదావరి తీరపు సాక్ష్యము

పోల్చి చూచుటకు చివరి వినాశమును గైకొందము. 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట మెక్సికో దేశపు చిక్షులూబ్ ప్రాంతమున పెద్ద ఉల్క పడినది. ఉల్కాపాత సిద్ధాంతమును 1980లో లూయీ ఆల్వరెజ్, ఆయన కుమారుడు వాల్టర్, వారి సహచరులు ఇరిడియము లోహపు ఆధారముతో ప్రతిపాదించిరి. డైనోసారులు అంతరించిన సంగతి అందరెరిగినదే. సముద్రమునందు సున్నపు గుల్లలు గల ప్లవకములలో నూటికి 90కి మించిన జాతులు అప్పుడే నశించిన సంగతి అంతగా ఎవరును ఎరుగరు.

2016లో ఆ ఉల్క పడిన గుంటలోనే సముద్రపు అడుగును తొలిచి శిలలను వెలికితీసిరి. వానిని పరీక్షించిన క్రిస్టఫర్ లౌరీ బృందము 2018లో ప్రకటించిన ఫలితము విస్మయకరము. ప్రళయ కేంద్రమైన ఆ గుంటలో కొద్ది సంవత్సరములకే జీవుల జాడలు కనిపించినవి. 30 వేల సంవత్సరములలో అచట సమృద్ధమైన ఆవరణ వ్యవస్థ నెలకొన్నది. దూరపు సముద్రములు కొన్ని ఇందుకు 3 లక్షల సంవత్సరముల వరకు తీసికొన్నవి. కాని సారా ఆల్వరెజ్ మొదలగువారు 2019లో పసిఫిక్ మహాసముద్రపు అవక్షేపములలో ప్లవకముల చరిత్రను గమనించినప్పుడు, వాని వ్యవస్థ నిలకడ పొందుటకు 18 లక్షల సంవత్సరములును, జాతుల సంఖ్య పూర్వస్థితికి చేరుటకు సుమారు కోటి సంవత్సరములును పట్టినట్లు తేలినది. పని ముందు, నిలకడ పిదప, వైవిధ్యము అన్నింటి చివర. మనము మొదట చెప్పుకొనిన మూడు కొలమానముల భేదము ఇచట స్పష్టమగుచున్నది.

ఈ చరిత్రలో ఒక పుట మన తెలుగునేలపై కూడ కలదు. దక్కను పీఠభూమిని కప్పిన లావా ప్రవాహములు తూర్పుగా వందల కిలోమీటర్లు సాగి రాజమహేంద్రవరము ప్రాంతమునకు చేరినవని భూగర్భ శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. అచట గౌరీపట్నము, దుద్దుకూరు మొదలగు చోట్ల రాతిగనులలో రెండు లావా పొరల నడుమ, ఆనాటి సముద్రము, నదీముఖము విడిచిన అవక్షేపములు కలవు. 2008లో గెర్టా కెల్లర్, సునీల్ బాజ్‌పాయ్ మొదలగువారు ఆ నడిమి పొరలో ఫొరామినిఫెరా అను సూక్ష్మ ప్రాణుల గుల్లలను పరీక్షించి, అవి వినాశము జరిగిన అనతికాలమునకు చెందిన కొత్త జాతులని నిర్ణయించిరి. నల్లరాతి గనిలో పనివారు కంకరకై పగులగొట్టు రాళ్ల నడుమ, కోలుకొనుచున్న సముద్రపు తొలి సంతానము నిద్రించుచున్నదన్నమాట. మన కళాశాల పాలకవర్గమువారు తెలుగు, ఉర్దూ మాధ్యమముల విజ్ఞానశాస్త్ర విద్యార్థులను కలిపి ఇట్టి స్థలమునకు విజ్ఞాన యాత్ర ఏర్పాటు చేసినచో, పుస్తకమున పది పుటలు చదువుటకంటె ఎక్కువ మేలు కలుగునని మనవి.

తిరిగి వచ్చినది పూర్వపు సముద్రము కాదు

మూడవ సందేహము మిగిలియున్నది. పెర్మియన్ కాలపు సముద్రపు అడుగున బ్రాకియోపోడాలు రాజ్యమేలెను. వినాశము పిదప ఆ సింహాసనమును ఆలుచిప్పలు, నత్తలు ఆక్రమించినవి. బ్రాకియోపోడాలు మరల పూర్వవైభవమునకు రాలేదు. నేడు మన తీరములలో ఏరుకొను గవ్వలలో అత్యధికము ఆలుచిప్పల, నత్తల వంశములవే. సముద్ర సరీసృపములు విస్తరించినదియు, నేటి ప్రవాళములు శిలలలో కానవచ్చినదియు ఆ వినాశము పిదపనే. అట్లే క్రెటేషియస్ వినాశము పిదప బహిరంగ సముద్రమున సొరచేపల కంటె అస్థికములు గల చేపల పాలు పెరిగినదని 2015లో సిబర్ట్, నోరిస్ అను శాస్త్రజ్ఞులు చేపపండ్ల శిలాజములను లెక్కించి చూపిరి. సముద్రము కోలుకొన్నది గాని, పోయిన జాతి ఒక్కటియు తిరిగి రాలేదు. ఖాళీయైన స్థానములను వేరొకరు నింపిరి.

నేటి సముద్రము, మన బాధ్యత

ఈ చదువు కేవలము గతమును గూర్చినది కాదు. వేడిమి, ప్రాణవాయు క్షీణత, ఆమ్లత్వము అను మూడు లక్షణములు నేటి సముద్రములలోను కొలతలకు అందుచున్నవి. వానికి తోడు మితిమీరిన చేపలవేట, కాలుష్యము ఆనాడు లేనివి. నేటి నష్టము పెర్మియన్ నష్టమంతది కాదు. అంతటిదని చెప్పుట అతిశయోక్తి యగును. కాని జస్టిన్ పెన్, కర్టిస్ డాయిచ్ అను శాస్త్రజ్ఞులు 2022లో వేసిన లెక్కలు ఆలోచింపదగినవి. బొగ్గుపులుసు వాయువు వెలువడుట అడ్డులేక పెరిగినచో 2300 నాటికి సముద్రజీవుల నష్టము పూర్వపు మహావినాశములతో పోల్చదగినదగును. దానిని తగ్గించినచో ఆ ముప్పు నూటికి 70 వంతులకు పైగా తగ్గును.

సముద్రము ఎట్లును కోలుకొనును గదా, మనకేల చింత యని కొందరనవచ్చును. వారికి సమాధానము కాలములో నున్నది. మానవజాతి వయస్సు సుమారు 3 లక్షల సంవత్సరములు. క్రెటేషియస్ వినాశము పిదప ప్లవకముల వ్యవస్థకు నిలకడ కలుగుటకు పట్టిన కాలము దానికి ఆరు రెట్లు. వైవిధ్యమునకు పట్టినది ముప్పది రెట్లకు పైగా. సముద్రమునకు ఓపిక కలదు. వలపై బ్రతుకు జాలరికిగాని, చేపపై ఆధారపడు తీరవాసికిగాని అంత గడువు లేదు. కావున శిలల నుండి మనము నేర్వవలసినది, పోయినది ఎట్లును తిరిగి వచ్చునను ధైర్యము కాదు; ఉన్నదానిని ఉండగనే నిలుపుకొనవలెనను వివేకము. జీవశాస్త్రము, రసాయనశాస్త్రము, భూగర్భశాస్త్రము చదువు విద్యార్థులు ఈ మూడింటిని వేర్వేరు గదులుగా భావింపక, ఒకే ఇంటి గదులుగా తెలిసికొని, ఈ సమస్యపై దృష్టి నిలుపుదురుగాక.